ముందు నేను, తర్వాత మనం, ఆఖర్న నువ్వు

మా మేనత్త మూడో తరగతి టీచరు. ఏ లెక్కయినా ముందు తాను బోర్డు మీద చేసి చూపిస్తుంది, తర్వాత పిల్లలందరితో కలిసి చేస్తుంది, చివరికి సుద్దముక్క పిల్లల చేతికిస్తుంది. "ముందు నేను, తర్వాత మనం, ఆఖర్న నువ్వు." ఎప్పుడూ అదే పాట. మామయ్యకు టీ పెట్టడం కూడా ఇలాగే నేర్పింది. పాపం, ఆయన ఇప్పటికీ "మనం" దగ్గరే ఉన్నాడు.

కొత్త హెడ్‌మాస్టరుకు ఈ పద్ధతి గిట్టలేదు. బెంచీలు తీయించి గుండ్రటి బల్లలు వేయించాడు. పిల్లలు వాళ్లంతట వాళ్లే కనుక్కోవాలట, టీచరు నోరు మెదపకూడదట! సగంమంది వీపులు బోర్డు వైపు తిరిగాయి. తనిఖీకి పై అధికారిణి వచ్చిన రోజు ఆయన ముందే హెచ్చరించాడు.

"ఇవాళ మీరు నోరు విప్పారంటే రేపట్నుంచి మీకు క్లాసుండదు. స్టోరు రూములో పాత మ్యాపులు దులుపుకుందురుగాని."

అత్త ఓర్చుకుంది. యాభై రెండులోంచి ఇరవై ఏడు తీసెయ్యాలి. కిటికీ పక్క బల్ల దగ్గర ఒక చురుకైనవాడు ఏడులోంచి రెండు తీసేసి, ముప్ఫై అయిదని రాశాడు. పక్కవాళ్లు గొర్రెల్లా దింపుకున్నారు. ఒక పిల్ల మాత్రం రాసింది చెరిపేసి, ఎవర్ని అడగాలో తెలీక కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఎంత చక్కగా కలిసి పనిచేస్తున్నారో!" అని అధికారిణి మురిసిపోయింది.

అత్తకు ఒళ్లు మండింది. డస్టరుతో బల్ల మీద ఒక్కటి చరిచింది.

"కుర్చీలు ఇటు తిప్పండ్రా! ముందు నేను."

హెడ్‌మాస్టరు పళ్లు నూరుతున్నా, "రెండులోంచి ఏడు పోదు, పక్కనున్న పదుల్లోంచి ఒక పది తెచ్చుకుందాం" అంటూ చేసి చూపించింది. తర్వాత ఇంకో లెక్క, అందరూ ఒక్క గొంతుతో.

"చాలు టీచర్! మీ క్లాసు ఇంతటితో సరి. బయటికి రండి."

"రానండీ. రేపటి స్టోరు రూము సంగతి రేపు చూసుకుంటా. గంట కొట్టేదాకా క్లాసు నాదే. ఇంకా 'నువ్వు' మిగిలింది."

ఏడ్చిన పిల్లను పిలిచి సుద్దముక్క ఇచ్చింది. మళ్లీ అదే లెక్క. పిల్ల అయిదు వేసి ఆగింది. ఎంతకీ కదలదు. హెడ్‌మాస్టరే ఉండబట్టలేక అందించబోయాడు. అత్త పెదవుల మీద వేలు పెట్టి ఆయన్ను ఆపింది. పిల్ల తనంతట తనే పక్కన రెండు వేసింది.

మర్నాడు అత్తను స్టోరు రూముకే పంపారు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. ఆవిడ మాత్రం మ్యాపులన్నీ ఒక మూలకు నెట్టి, బోర్డు ఏ గోడకు తగిలించాలో చూసుకుంది.