మునెమ్మ కోసిన గ్లాడియోలస్

ఉద్యోగ విరమణకు నాలుగేళ్లు ఉన్నాయనగా, ఒక జూన్ మొదటి వారంలో నన్ను కుప్పం నుంచి పుంగనూరుకు బదిలీ చేశారు. అప్పటికి నేను ఉద్యాన అధికారిని, మా వాడుకలో హెచ్.ఓ. పండ్లు, పూలు, కూరగాయలు వేసే రైతుల మంచిచెడ్డలు చూడటం నా పని. నా పైన సహాయ సంచాలకులు, అంటే ఎ.డి. గారు. ఆయన పైన ఉండేవాళ్లను మేము కాగితాల మీది సంతకాలుగానే ఎరుగుదుము.

నేను కుర్చీలో కూర్చునే సరికే బల్ల మీద ఒక ఫైలు ఉంది. చౌడేపల్లె వైపు ఏదైనా ఒక ఊళ్లో అర్ధ ఎకరంలో గ్లాడియోలస్ ప్రదర్శన క్షేత్రం వేయించాలని దాని సారాంశం. ప్రదర్శన క్షేత్రమంటే కొత్త పంటకు విత్తనం మేమిచ్చి, ఒక రైతు పొలంలో పండించి, చుట్టుపక్కల వాళ్లను పిలిచి చూపించడం. పంట బాగుంటే ఇంకో పదిమంది వేస్తారు. బాగాలేకపోతే ఆ ఊళ్లో మళ్లీ మా మాట వినేవాడుండడు.

గ్లాడియోలస్, చలి ప్రాంతాల్లో పూసే ఐరిస్ పూల కుటుంబపు మొక్క. ఉల్లిలాగా పొరలుండని గట్టి గడ్డ నుంచి మొలుస్తుంది. కత్తుల్లాంటి ఆకుల మధ్య నుంచి పొడవాటి కాడ లేస్తుంది. కాడకు వరుసగా పది పన్నెండు మొగ్గలుంటాయి. అడుగు మొగ్గ ముందు విచ్చుకుంటుంది, తర్వాత దాని పైది, అట్లా కొసదాకా. పెళ్లి వేదికల మీద, హోటళ్ల పూలకుండీల్లో నిలబెట్టేది దీన్నే. కుప్పంలో రైతులు దీన్ని పండించి బెంగళూరు పంపడం నేను చూసి ఉన్నాను. కాబట్టి ఈ పంట నాకు కొట్టిన పిండి అనుకున్నాను.

అటువైపు ఒక ఊరు ఎంచుకుని, మీటింగు పెట్టి బొమ్మలు చూపించాను. ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దామె అడగడం మొదలుపెట్టింది. ఆమె పేరు మునెమ్మ. నలభై ఏళ్లుగా చామంతి కోసిన చేతులు. ఏ తోటలో కోత ఉన్నా ఆమె వెనక పదిమంది ఆడవాళ్లు నడవాల్సిందే.

“వాసనుండాదా సార్?”

లేదన్నాను.

“కొప్పులో పెట్టుకుంటారా?”

పెట్టుకోరన్నాను.

“దేవునికన్నా పెడతారా?”

పెద్దగా పెట్టరన్నాను.

“మరి యాల సార్ ఇది?”

మీటింగంతా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. పూలకుండీలో పెట్టి చూస్తారమ్మా అన్నాను. “సూసేదానికేనా!” అని ఆమె ముక్కున వేలేసుకుంది.

ఆ నవ్వుల మధ్య ఒక్క చేయి పైకి లేచింది. ఆ చేయి మునెమ్మ కోడలు నాగరత్నది. “నేను ఏస్తాను సార్. టమేటా మమ్మల్ని ఏడిపించింది సాలు” అంది. నాగరత్న భర్త పాల సేకరణ కేంద్రంలో పనిచేసేవాడు. తల్లికీ భార్యకూ మాట పెరిగే సూచన కనబడితే పాల క్యాన్లు ఎత్తుకుని బయటికి పోయేవాడు. ఆ రోజూ అలాగే పోయాడు. అత్త కోడలికి అందరి ముందే షరతు పెట్టింది. “ఒక్క పంట ఇస్తాను. తప్పితే మాత్రం ఇంకెప్పుడూ సేన్లో ఏమెయ్యాలని నువ్వు నోరెత్తకూడదు.” నాగరత్న సరేనంది. ఆ మాటతో ఆ అర్ధ ఎకరం నా ఫైలు కంటే పెద్దదైపోయింది.

నాటే ముందు రైతులకు మదనపల్లెలో ఒక కల్యాణ మండపంలో ఒకరోజు శిక్షణ పెట్టాం. మా ఎ.డి. గారు మంచి మనిషి, ఒక్క బలహీనత తప్ప. ఆయన సెలవులో కాశ్మీరు వెళ్లి కొండవాలుల్లో అడవి ఐరిస్ పూలను ఫోటోలు తీసుకొచ్చారు. ఆ ఫోటోలు చూపించే అవకాశం కోసం కాచుకుని ఉన్నారు. గ్లాడియోలస్ కూడా ఐరిస్ చుట్టమే కదా అని ఊదా ఐరిస్, పసుపు ఐరిస్, మంచు పక్కన ఐరిస్, గొర్రెల మధ్య ఐరిస్, అన్నీ చూపించారు. చివరి ఫోటోలో ఐరిస్ పక్కన ఆయనే నిలబడి ఉన్నారు. నాకు మిగిలిన సమయంలో గడ్డలను మందు నీళ్లలో ముంచడం, నాటే లోతు, మొక్కకు ఆరాకులు వచ్చాక మట్టి ఎగదోయడం వరకూ చెప్పగలిగాను. కోత దగ్గరికి వచ్చేసరికి పుంగనూరు బస్సుకు వేళయింది. జనం చెప్పులు వెతుక్కుంటుంటే నేను మెట్ల మీద నిలబడి, అడుగు మొగ్గ రంగు కనబడగానే కాడతో సహా కోయాలి, విచ్చుకునే దాకా ఆగకూడదు అని అరిచాను. నాగరత్న విని తలూపింది. మునెమ్మ ఆ శిక్షణకు రాలేదు. ఆమెను పిలవాలని మాకెవరికీ తోచలేదు.

పంట మాత్రం ముచ్చటగా వచ్చింది. పూలు ఒక్కసారే విరగబూయకుండా ఉండేందుకు సగం పొలంలో ముందు, మిగతా సగంలో పదిహేను రోజుల తర్వాత నాటించాను. కాడలు గాలికి వాలకుండా నాగరత్న టమేటాకు కట్టినట్టే కట్టెలు పాతి పురికొస లాగింది. సెప్టెంబరులో మొదటి సగం మొగ్గ తొడిగింది. పంటను అందరికీ చూపించే క్షేత్ర దినోత్సవానికి రోజు కుదిరింది. ఎ.డి. గారు వస్తారు, బెంగళూరు నుంచి పూల వ్యాపారి ఒకాయన వ్యాను తీసుకుని వస్తాడు. ఇంతలో కుప్పం వైపు వానలకు పంటలు దెబ్బతింటే నష్టం రాయడానికి నన్ను వారం రోజులు అక్కడికి పంపారు. సరిగ్గా ఆ వారమే నాగరత్న అక్కకు కాన్పని పెద్దతిప్పసముద్రం వెళ్లింది.

దినోత్సవానికి ముందురోజు మధ్యాహ్నం నేను జీపు దిగేసరికి నాగరత్న కూడా అప్పుడే ఆటో దిగుతోంది. ఇద్దరం పొలం వైపు చూశాం. మొదటి సగంలో కాడలన్నీ నిటారుగా నిలబడి ఉన్నాయి. ఒక్కదానికీ పువ్వు లేదు.

పూలు ఇంటి ముందరున్నాయి. టమేటా క్రేట్లలో రంగుకొక వరుసగా, పైన తడిగుడ్డ కప్పి, ఎంతో పొందికగా పెట్టి ఉన్నాయి. చుట్టూ కూర్చుని పదిమంది ఆడవాళ్లు అరటినారతో మాలలు కడుతున్నారు. మధ్యలో మునెమ్మ. నన్ను చూసి ఆమె మొహం చేటంత అయింది.

“రా సార్, రా. మా కోడలు రంగు సూపిస్తానే కొయ్యమని సెప్పి పోయింది. సిన్నది, దానికేం తెలుసు? మొగ్గ కోస్తే పాపం కదా, తూకం గూడా రాదు. నేను తాళినాను. బాగా ఇచ్చుకున్నంక ఈ పొద్దు తెల్లారతానే అందర్నీ పిల్సుకోని కోసేసినాను. రేపు పెద్ద సారు వస్తాండారంట కదా, కోడలి మాట పోకూడదు.”

నేను అరుగు మీద కూలబడ్డాను. నాగరత్న సంచి పట్టుకుని అట్లాగే నిలబడింది. అత్త మీద కోపగించుకుని ఉంటే మాకందరికీ తేలికయ్యేది. కానీ ముసలామె ఆ పని చేసింది కోడలి పరువు కోసమే. ఆ సంగతి నాగరత్నకు తెలుసు. సంచితోనే లోపలికి వెళ్లిపోయింది. నాకు నిజంగా ఏడుపొచ్చినంత పనయింది. తప్పు ఎవరిదో వెతకడానికి నేను ఎక్కువ దూరం పోనక్కర్లేదు.

మర్నాడు ఎ.డి. గారు తెల్లచొక్కా వేసుకుని వచ్చారు. మునెమ్మ ఆయన మెడలో నాలుగు రంగుల గ్లాడియోలస్ మాల వేసింది. గ్లాడియోలస్ రేకు నీటితో నిండి ఉంటుంది, చామంతికున్న ఓర్పు దానికి లేదు. మాల బరువుకు ఆయన కొంచెం ముందుకు వంగారు. ఉపన్యాసం అడవి ఐరిస్‌ల దగ్గరికి వచ్చేసరికి పూలు తలకాయలు వాల్చేశాయి. ముగిసేసరికి చొక్కా మీద ఊదా మరకలు దిగాయి. ఆయన మాత్రం సంతోషంగా ఉన్నారు. ఇట్లా మాలలు కట్టడం జిల్లాలో ఎవరికీ తట్టలేదని మెచ్చుకుని డైరీలో రాసుకున్నారు.

బెంగళూరు వ్యాపారి మాత్రం క్రేట్ల వైపు చూసి, నా వైపు చూసి, వ్యానులో తెచ్చిన ఖాళీ బకెట్ల వైపు చూశాడు. తర్వాత పొలంలో రెండో సగం తిరిగి వచ్చి, పది రోజులకు మళ్లీ వస్తానని, అప్పుడు మొగ్గ మీదున్న కాడలు ఉంటేనే తీసుకుంటానని, ఇంకోసారి ఖాళీ బకెట్లతో తిప్పితే ఈ దారి తొక్కనని చెప్పి వెళ్లాడు. నాగరత్నకు మిగిలింది ఇక ఆ సగమే.

మునెమ్మకు అప్పటికి విషయం అర్థమయింది కానీ మనసొప్పలేదు. “మొగ్గలోనే తుంచేస్తే అది యాడ బతుకుతాది సార్? నన్ను కొయ్యమంటే నా సేతులు రావు” అంది. ఆమె చేతులు రాకపోతే ఆ ఊళ్లో ఇంకెవరి చేతులూ రావు. ఆమెకు మా శాఖ కరపత్రం చదివి వినిపించడం దండగ. రెండో సగంలో తొందరపడి మొగ్గ తొడిగిన కాడ ఒకటి కనబడింది. అడుగు మొగ్గ చివర ఎర్రటి గీత కనబడుతోంది. నాలుగాకులు మొక్కకే వదిలి, ఏటవాలుగా కోసి, ఆమె ఇంట్లోనే ఉన్న ఇత్తడి చెంబులో నీళ్లు పోసి, అందులో నిలబెట్టాను. “అమ్మా, దీన్ని నేను కోసినాను. పాపముంటే నాది. రోజూ నీళ్లు మార్చి చూస్తూ ఉండండి” అన్నాను.

నాలుగో రోజు వెళ్లాను. చెంబు టీవీ పక్కకు మారింది. మూడు పూలు విచ్చుకుని ఉన్నాయి, నాలుగోది విచ్చుకుంటోంది. మునెమ్మ దాని ముందు కూర్చుని ఉంది.

“దీని కత ఏంది సార్? సేన్లో ఉన్నిందానికంటే ఇంట్లోనే బాగుండాది” అంది. తర్వాత గొంతు తగ్గించింది. “అంటే ఆ పొద్దు నేను కోసినవి గూడా ఇట్లే వారం దినాలు ఉండేవా?”

ఉండేవన్నాను. ఆమె కళ్లొత్తుకుంది. తర్వాత లేచి, “నాగరత్నా, కొడవలి యాడ పెట్టినావు?” అని కేకేసింది.

కోత రోజు ఆమె దొరతనం చూడాలి. తెల్లవారుతూనే గట్ల మీద నీళ్ల బకెట్లు పెట్టించింది. కోసిన కాడను నేలకు తగలనివ్వలేదు. ఒక అమ్మాయి బాగా విచ్చుకున్న కాడ కోసుకొస్తే, “తాళినావా? ఎవురు తాళమనింది నిన్ను?” అని నలుగురిలో కడిగేసింది. వ్యాపారి వచ్చి కట్టలు చూసి మారు మాట్లాడకుండా వ్యానుకెక్కించాడు. మూడు పూలు విచ్చుకున్న కాడ ఒకటి కట్టలో కలిసిపోతే మునెమ్మ దాన్ని లాగేసి, “ఇది అమ్మేది కాదప్పా, మా సెంబులోకి” అంది.

ఇంకొక చిత్రం. మొదటి సగంలో కాడలు కోయలేదు కాబట్టి ఆకులన్నీ మొక్కకే ఉండి, భూమిలో గడ్డలు పెద్దగా ఊరాయి. మరుసటి కారుకు విత్తనం మునెమ్మ పొరపాటులోంచే వచ్చింది. ఈ సంగతి మాత్రం నేను ఆమెకు చెప్పలేదు.

మూడు నెలలకు పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. గ్లాడియోలస్ మాలల తయారీలో ఎంతమంది మహిళలకు శిక్షణ ఇచ్చితిరో తెలుపవలెను అని. పదిమందికి శిక్షణ పూర్తయినది, పునరావృతం చేయవలసిన అవసరం లేదు అని జవాబు రాశాను. అది నా సర్వీసులో నేను రాసిన అత్యంత నిజాయితీ గల జవాబు.

మరుసటి ఏడాది అదే ఊరికి వెళ్తే మునెమ్మ ఇంటి ముందు కూర్చుని చామంతి కడుతోంది. ఈసారి చేన్లో ఏమేస్తున్నారని అడిగాను. ఆమె తలెత్తకుండానే, “నన్నడుగుతావేంది సార్? అది మా కోడలు సెప్పాల. ఏమేసేదీ ఆయమ్మ, ఎప్పుడు కోసేదీ నేను” అంది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ కొత్త పంట తీసుకెళ్లినా ఊళ్లో నా మొదటి ప్రశ్న ఒకటే. దీన్ని ఎవరు వేస్తారని కాదు, దీన్ని ఎవరు కోస్తారని. శిక్షణకు మొదటి కుర్చీ వాళ్లకే వేయించాను.