లాభం లెక్కలోకి రాదు

లెక్కల సారు రేకుల కత్తెరతో బొమ్మ క్రేన్ పట్టీలను ఒక్కొక్కటిగా కత్తిరించాడు. ఎదురుగా కంప్యూటర్ తెరమీద అదే క్రేన్ కాస్త పొట్టిగా ఉంది. తెరకు సరిపోవాలని అసలు క్రేన్‌నే ఆయన పొట్టిగా చేస్తున్నాడు.

ఎనభైల చివర్లో ఆదోనిలోని ఆ బడికి కంప్యూటర్ వచ్చింది. రంధ్రాల ఇనుప పట్టీలను బోల్టులతో బిగించే ఆ ఆటసామానును ఒక్క రంధ్రం తప్పకుండా తెరమీదికి ఎక్కించి, ఇన్‌స్పెక్టరుకు చూపాలని సారు ఆరాటం. రంధ్రాలు లెక్కపెట్టింది మాత్రం ఎమ్మిగనూరు నుంచి వచ్చే తాత్కాలిక అటెండరు. ఒకప్పుడు మార్కెట్లో వేరుశనగ కొలిచినవాడు. కొలిచేవాళ్లు ఒకటి అనరు కదా, అతనూ "లాభం, రెండు, మూడు" అంటూ లెక్కపెట్టాడు. లాభం శుభానికి అనే మాటే గానీ అంకె కాదని, సారు ప్రతి పట్టీకీ ఒకటి తగ్గించి టైపు చేశాడు.

"లాభమంటే ఒకటే గదా సారూ! ఈ సామాను నా పేరు మింద ఉండాది. కోస్తే నా పని పోతాది."

"నాకే లెక్కలు నేర్పుతావేమప్పా? తెర చెప్పింది, అంతే."

ఎవరేమడిగినా ఆయన జవాబు అదే. పిల్లలకు గణితం చెప్పే ఆ మనిషి, ఒక్క పట్టీ మీదనైనా వేలు పెట్టి రంధ్రాలు లెక్కపెట్టిన పాపాన పోలేదు.

విలేకరిగా వార్త కోసం వెళ్లిన నా ముందే ఇన్‌స్పెక్టరు తెరనూ క్రేన్‌నూ పోల్చి చూసి సారును మెచ్చుకున్నాడు. పట్టీలు పాడుచేసినందుకు అటెండరుకు నోటీసు ఇచ్చారు. అందులో సాక్షి సంతకం సారుదే.

అటెండరును పర్మనెంటు చేసే కాగితం నేను ఆదోని వదిలేనాటికి ఇంకా కర్నూలు ఆఫీసులోనే ఉంది.