ముంజేతుల తోలు

ఇది ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా. ఇన్నేళ్ళుగా మోస్తున్న బరువు, ఇవాళ మీ ముందు దింపుతున్నాను. చదివాక తిట్టుకోండి, పరవాలేదు. పేరు మాత్రం అడగకండి. నాకు ఇప్పటికీ భయమే.

కోయంబత్తూరులో మిల్లులు రాత్రీ పగలూ ఆడుతున్న కాలం. నేను బద్లీ కూలీని. ఎవరైనా రాకపోతేనే నాకు పని. మిల్లు వాలీబాల్ జట్టు గెలిస్తే పర్మనెంటు చేస్తామన్నారు. ముంజేతులు జతచేసి బంతి ఎత్తే పద్ధతి అప్పుడే కొత్తగా వచ్చింది. గట్టి తోలు బంతి. ఆడిన మర్నాడు మణికట్లు వాచి, తెగిన నూలు అతకడానికి వేళ్ళు వంగేవి కావు. మేస్త్రీ తిట్టేవాడు. ఆటా పోతుంది, పనీ పోతుందని భయపడ్డాను.

దూది ఏకే కార్డింగు యంత్రం ఒకదానికి, పళ్ళచక్రాల మీది రేకు మూత చిల్లుపడింది. దాని మీద రంగసామి మామ పాత మిషను బెల్టు తోలు కప్పి కట్టాడు. మామది మా వీధే, నాకు పని నేర్పిందీ ఆయనే. ఒక సాయంకాలం యంత్రం ఆగి ఉన్నప్పుడు ఆ తోలు విప్పుకున్నాను. దాని చోట గోనెగుడ్డ కట్టాను. పోటీ అయ్యాక మళ్ళీ పెట్టేద్దామనుకున్నాను. నిజంగా అనుకున్నానా? లేక అలా అనుకున్నానని చెప్పుకుంటే కాస్త తేలికగా ఉంటుందనా?

తోలు కోసి, లోపల దూది పరిచి, ముంజేతులకు తొడుగులు కుట్టుకున్నాను. బంతి తగిలినా నొప్పి లేదు. అటు మిల్లులో గోనె చక్రాల్లో చిక్కుకుంది. దాన్ని లాగబోయిన మామకు రెండు వేళ్ళు పోయాయి.

ఆస్పత్రికి పొడుగు చేతుల చొక్కా వేసుకుని వెళ్ళాను, తొడుగుల ముద్రలు కనబడతాయేమోనని.

"తోలు కట్టినట్టే జ్ఞాపకముండాది తంబీ. కానీ అందరూ ఆడ గోనే వుండెనంటారు. నువ్వేమైనా చూస్తివా?" అని అడిగాడు మామ.

"లేదు మామా. నువ్వే మరిచిపోయుంటావు. వయసాయె గదా."

నాలుక తడబడనైనా లేదు. ఆ తొడుగులే వేసుకుని పోటీ ఆడాను. గెలిచాం. పర్మనెంటు అయ్యాను.

మామ నా మాట నమ్మాడు. అక్కడి నుంచి ఆయనకు తన మీదే నమ్మకం పోయింది. వీధి చివరి దాకా వెళ్ళి, తాళం వేశానో లేదో అని వెనక్కి వచ్చేవాడు. అన్నం తిన్నానా అని అత్తను అడిగేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వాను. ఎదురైతే మాత్రం సందులోకి తప్పుకునేవాణ్ణి. ఈసారి గుర్తొచ్చిందేమో, అడుగుతాడేమో అని.

ఆయన పోయాక భయం పోతుందనుకున్నాను. పోలేదు. అడిగే మనిషి లేడు గదా, ఇంకా ఎవరికి భయపడుతున్నాను? తెలియదు. అయినా రాసేస్తున్నాను. తోలు విప్పింది నేను. గోనె కట్టింది నేను.

మామా, నువ్వేమీ మరిచిపోలేదు.