ఖాళీ పందిట్లో రామనామం

అడగకముందే ఇచ్చేవాడు, అడిగినా తొందరపడనివాడు, ఆ కోదండరాముడికి ముందుగా నమస్కారం. మనిషికి నోరు ఇచ్చినందుకు, ఆ నోటికి తన పేరు ఇచ్చినందుకు, నా చేత ఈ నాలుగు మాటలు రాయిస్తున్నందుకు ఆయనకే జయం.

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. చిన్నప్పటి నుంచి భజన సమాజంలో పెరిగాను. పురాణం చెప్పే గురువుగారి దగ్గర ఏళ్ళ తరబడి కూర్చుని విన్నాను. భగవంతుణ్ణి నమ్మినవాడు మహిమల వెంట పడకూడదని ఆయన పదేపదే చెప్పేవారు. తోటలో తెల్లచీర కనిపించిందని కాపలా మనిషి వణికిపోతే, వెళ్ళి చెట్టుకు చిక్కుకున్న ఎరువుల సంచి తెచ్చి చూపించిన వాణ్ణి నేను. కాబట్టి నేను చెప్పబోయేది ఆ కోవలో కలపకండి.

మాది రెడ్డిగూడెం దగ్గర చిన్న ఊరు. మామిడి తోటే ఆధారం. నూజివీడులో చదువుకునే రోజుల్లో మేం నలుగురం ఒక రాక్ బ్యాండ్ పెట్టాం. నాది గిటారు. ప్రసాద్ కీబోర్డు. కోటి డ్రమ్స్. పాడేది సత్యం. చదువు అయ్యాక గురువుగారు మమ్మల్ని పిలిచి, "ఆ గోలేదో రాముడి ముందు చెయ్యండిరా, ఆయన కాదనడు" అన్నారు. అప్పటి నుంచి అదే గిటారుతో, అవే డ్రమ్ములతో భజనలు చేశాం. ఊళ్ళలో మమ్మల్ని కరెంటు భజనోళ్ళు అనేవారు.

తర్వాత ఎవరి సంసారం వారిది. ప్రసాద్ హనుమాన్ జంక్షన్‌లో బ్యాటరీల షాపు పెట్టాడు. కోటి ఉంగుటూరులో వరి వేసుకుంటున్నాడు. ఇరవై ఏళ్ళు మేం నలుగురం ఒక వేదిక మీద కూర్చోలేదు.

మళ్ళీ కలవాలన్నది సత్యం ఆలోచన. శ్రీరామనవమి వెళ్ళాక మూడు ఊళ్ళలో మూడు ఏకాహాలు, మా బ్యాండుతో. ఫ్లెక్సీలు కొట్టించాం, ఊళ్ళకు మాట ఇచ్చాం. అప్పుడే కరోనా వచ్చి లాక్‌డౌన్ పెట్టారు. మరుసటి ఏడాది తేదీ మార్చి కాగితం అంటించాం. రెండో దెబ్బ వచ్చింది. మూడో వేసవికి ఆ కాగితం మీద ఇంకో కాగితం అంటిస్తుంటే ఫ్లెక్సీ కట్టే అతను, "నా పెళ్ళి ముహూర్తం కూడా ఇన్నిసార్లు మారలేదండీ" అన్నాడు.

ఆ మధ్యలో సత్యం బాగా దెబ్బతిన్నాడు. రెండో దెబ్బలో ఆక్సిజన్ మీద ఉన్నాడు. తేరుకున్నాక కూడా గొంతు బొంగురు తగ్గలేదు. పరీక్షలు చేస్తే స్వరపేటికలో గడ్డ ఉందన్నారు. ఆపరేషన్ చెయ్యాలి, ప్రాణానికి ఫరవాలేదు, గొంతు మాత్రం మిగులుతుందని చెప్పలేం అని డాక్టరు స్పష్టంగా చెప్పారు. సత్యం ఆయన్ని ఒక్కటే కోరాడు, ఆ మూడు ఊళ్ళూ పూర్తి చేసి వస్తానని. ఉంగుటూరు, హనుమాన్ జంక్షన్ గడిచాయి. మూడోది మా ఊరు. శనివారం సూర్యోదయానికి మొదలై ఆదివారం సూర్యోదయానికి ముగుస్తుంది. ఆదివారం మధ్యాహ్నానికి అతను విజయవాడలో ఆసుపత్రిలో చేరాలి.

ఏకాహం గురించి తెలియనివారికి చెబుతాను. ఒక సూర్యోదయం నుంచి మర్నాటి సూర్యోదయం దాకా నామం తెగకూడదు. జట్లు వంతులు వేసుకుంటాయి. కొత్త జట్టు వచ్చి కూర్చుని పాత జట్టుతో కలిసి ఒక చుట్టు పాడుతుంది. నడక అందుకున్నాక పాత జట్టు విడిచిపెట్టి లేస్తుంది. పందిట్లో ఒక్క గొంతు పలుకుతున్నా తెగనట్టే. అదీ ఆగితే తెగినట్టే, మర్నాడు సూర్యోదయానికి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. సత్యానికి ఆ మర్నాడు లేదు.

పొద్దున సామాను దించుతూ కోటి, "ఏరా ప్రసాదూ, కీబోర్డులో కూడా బ్యాటరీ నీళ్ళు పోసి తెచ్చావా?" అన్నాడు.

"నీ డ్రమ్ముల్లో వడ్లు పోసి పెట్టావంటగా, ముందవి ఒంపుకో" అన్నాడు ప్రసాద్.

సత్యం నవ్వబోయి దగ్గాడు. ఆ తర్వాత ఎవరమూ జోకులు వెయ్యలేదు.

మధ్యాహ్నం ఊరివాళ్ళు భోజనాలకు, కాస్త నడుం వాల్చడానికి వెళ్ళే వేళ మా వంతు. పందిట్లో మేం నలుగురమే ఉన్నాం. నలుగురి ముందూ మైకులున్నాయి. ఎండ మండిపోతోంది. ఉన్నట్టుండి పడమర నల్లబడింది. ముందు కరెంటు పోయింది, వెంటనే గాలి లేచింది. రోడ్డు మీది ఎర్రదుమ్మంతా పందిట్లోకి వచ్చింది. తువ్వాలు ముఖానికి కప్పుకున్నాను. కళ్ళు తెరిచే వీలు లేదు.

మామిడి ఊళ్ళలో గాలివాన అంటే ఏమిటో పండించేవారికి చెప్పక్కర్లేదు. బంగినపల్లి కోతకు సిద్ధంగా ఉంది. రాలిన కాయ తడిసి నేల మీద ఉండిపోతే ఎందుకూ పనికిరాదు. గాలి లేచిందంటే ఊళ్ళో మనిషన్నవాడు ఇంట్లో ఉండడు.

ఆ దుమ్ములో నా పక్కనే సత్యం గొంతు వినిపిస్తోంది. బొంగురు లేదు. పైస్థాయిలో, మా కాలేజీ రోజుల్లో పాడినట్టు పాడుతున్నాడు. ఇక భయం లేదనుకుని గిటారు పక్కన పెట్టి తోటకు పరుగెత్తాను.

తోటలో కూలికి వచ్చే నాగమ్మ, ఆమె జట్టు ఆడవాళ్ళు అప్పటికే ట్రేలలోకి కాయలు ఏరుతున్నారు. నేనూ వంగాను. వాన మొదలైంది. అంత హోరులోనూ పందిరి మీది మైకులోంచి వచ్చినట్టు నామం స్పష్టంగా వినిపిస్తూనే ఉంది. నాగమ్మ తల ఎత్తి, "ఏంటండీ, సత్యంగారి గొంతు ఇంత బాగుంటే ఆపరేషనెందుకండీ? డబ్బులెక్కువయ్యా?" అంది. పక్కనున్నామె, "ఊరుకోవే, వినబడనీ" అని కసిరింది. ఆ మాటలు నేను మర్చిపోలేదు. విన్నది నా ఒక్కడి చెవి కాదు.

వాన తగ్గాక తిరిగి వచ్చాను. పందిరి ముందుకు వచ్చేసరికి పక్కనున్న ఇంటి వెనక పంపు దగ్గర నుంచి సత్యం వస్తున్నాడు. ముఖం కడుక్కున్నట్టుంది, తువ్వాలుతో తుడుచుకుంటున్నాడు. ప్రసాద్ జనరేటరు దగ్గర నుంచి వస్తున్నాడు. పందిరి టార్పాలిన్ ఎగిరిపోకుండా తాడు పట్టుకుని వేలాడిన కోటి, అప్పుడే అవతలి గుంజ దగ్గర నుంచి ఇటు తిరిగాడు.

నలుగురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. లోపల నామం వినిపిస్తోంది.

సత్యం ఆగలేదు. నడుస్తూనే గొంతు కలిపాడు. పాడుతూ లోపలికి వెళ్ళాడు, వెనకే మేం వెళ్ళాం. రాములవారి పటం, దీపం, నాలుగు మైకులు, కింద నా గిటారు. మనిషి లేడు. అప్పటికి వినిపిస్తున్నది సత్యం గొంతు ఒక్కటే, బొంగురుగా. మేం ముగ్గురం కూర్చుని అందుకున్నాం.

మా వంతు దిగాక అరుగు మీద కూర్చుని మాట్లాడుకున్నాం. సత్యానికి దుమ్ముకు దగ్గు తెర వచ్చింది, నా గొంతు వినిపిస్తోందని ధైర్యంగా నీళ్ళకు లేచాడు. కోటికి వినిపించింది ప్రసాద్ గొంతు. ప్రసాద్‌కు కోటి గొంతు.

"నేనెప్పుడైనా ఒంటరిగా పాడానట్రా నీ ఎదుట? నీకు ఎలా నమ్మబుద్ధయింది?" అన్నాడు కోటి.

"పాడావు. బాగా కూడా పాడావు. అందుకే ఆశ్చర్యపోయాను" అన్నాడు ప్రసాద్.

అన్నిటికంటే ఎక్కువగా నన్ను పట్టుకున్నది సత్యం చెప్పిన సంగతి. "వాళ్ళతో కలిసి ఒక చుట్టు పాడాను. నేను అందుకున్నాక విడిచిపెట్టారు" అన్నాడు. వాళ్ళెవర్రా అంటే, తెలీదన్నాడు.

సాయంత్రం భజన సమాజం పెద్ద సుబ్బారాయుడుగారి దగ్గరికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాం. తెగిందంటే తెగిందని ఒప్పుకోవాల్సిందే, సత్యం కోసమని రాముడి దగ్గర అబద్ధం ఆడలేం. సత్యం గోడకు ఆనుకుని నేల వంక చూస్తూ నిలబడ్డాడు. ఆయన అంతా విని, బయట కాయలు ఏరి వచ్చిన జనాన్ని పిలిచి అడిగారు.

"నామం ఆగిందని విన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

ఎవరూ లేరు.

"అందరూ విన్నారు కదా. మరి ఆగిందని నేనెలా చెప్పనయ్యా? ఎవరు పాడారన్నది మన లెక్కలోది కాదు. వెళ్ళి కూర్చోండి."

ఆదివారం సూర్యోదయానికి మంగళహారతి సత్యమే పాడాడు. మధ్యాహ్నం ఆసుపత్రిలో చేరాడు.

నేను తేలిగ్గా ఒప్పుకునేవాణ్ణి కాను కాబట్టి అన్నీ ఆలోచించాను. కరెంటు లేదు. జనరేటరు తిరగలేదు, వానకు దాని ప్లగ్గు ఊడి నీళ్ళలో పడిందని ప్రసాద్ ప్రమాణం చేస్తాడు. మైకు పలికే దారి లేదు. ఫోన్లో రికార్డు పెట్టారేమో అంటే, ఫోన్లన్నీ సంచిలో ఆపేసి ఉన్నాయి. చుట్టుపక్కల ఊళ్ళలో ఆ రోజు ఇంకెక్కడా ఏకాహం లేదు. గంటల కొద్దీ పాడినవాడికి చెవిలో అదే మోగుతుందని ఒక డాక్టరుగారు అన్నారు. అది మా నలుగురికీ సరిపోతుంది. ఒక్క పల్లవి కూడా పాడని నాగమ్మకు సరిపోదు.

విన్నాను. అందులో నాకు సందేహం లేదు. ఎలా జరిగిందంటే ఈ రోజుకీ చెప్పలేను. రాముడే పాడాడని నేను అనను. అలా అనడానికి గురువుగారు నాకు చనువు నేర్పలేదు.

ఆపరేషన్‌లో సత్యం స్వరపేటిక తీసేశారు. మనిషి దక్కాడు. ఇప్పుడు భజనలో మా మధ్య కూర్చుని తాళం వేస్తాడు, పెదవులు కదుపుతాడు, శబ్దం రాదు. గడ్డ తిరగబెట్టిందేమో చూడడానికి వచ్చే నెల మళ్ళీ స్కాన్ ఉంది. మొన్న పలక మీద రాసి చూపించాడు: నాకు భయం లేదు, మీరు పాడండి.

చదివిన మిమ్మల్ని అడిగేది ఇదొక్కటే. మీరు ఏ పేరుతో పిలిచే దేవుణ్ణయినా సరే, మనసులో కాదు, పైకి, గొంతు విప్పి మాతో కలిసి అనండి. తండ్రీ, పలకలేని ఆ పెదవుల మీద నీ పేరు నీకు వినిపిస్తూనే ఉండాలి. ఆ మనిషిని మా మధ్యనే ఉంచు. శ్రీరామ, జయరామ.