నడిచే సాంచెలు

మార్చి వచ్చిందంటే నాకు ఒళ్లు మండుతుంది. నేను పనిచేసే చీరల మార్కెట్ ఆఫీసులో మహిళా దినోత్సవం నాడు ఆడవాళ్లకు తలా ఒక గులాబీ ఇచ్చి, ఫోటో తీసి, ఎప్పటిలాగే ఆలస్యంగా ఇంటికి పంపిస్తారు. ఈసారి మేనేజరు, ఆడవాళ్ల హక్కుల కోసం నిలబడిన ఒక గొప్ప మహిళ గురించి రెండు మాటలు చెప్పమన్నాడు. నేను మా చిన్నమ్మ గురించి చెప్పాను. రెండు మాటలతో ఆగలేదు.

తెలంగాణ నుంచి బతకడానికి వచ్చిన మేం సూరత్‌లో డిండోలి అనే బస్తీలో ఉండేవాళ్లం, చిన్నమ్మది, మాది పక్కపక్క గదులు. చిన్నాయన ఆ పక్కనే సచిన్ అనే పారిశ్రామికవాడలో ఒక కార్ఖానాలో పవర్‌లూమ్‌లు నడిపేవాడు. మావాళ్లు వాటిని సాంచెలు అంటారు. చిన్నమ్మ, పదో తరగతితో చదువు ఆగిపోయిన నేను అక్కడే కండెలకు నూలు చుట్టేవాళ్లం. ఆడవాళ్లకు కండెలు, మగవాళ్లకు సాంచెలు. ఎవరు పెట్టిన పద్ధతో తెలియదు కానీ అందరూ నోరు మూసుకుని పాటించేవాళ్లు.

చిన్నాయన జ్వరంతో పోయాడు. దినాలు కాగానే కులపెద్దలు వచ్చి చాప మీద కూర్చున్నారు. చిన్నమ్మను ఊళ్లో బావగారింటికి పంపాలని వాళ్లే అన్నారు, వాళ్లే సరే అనుకున్నారు. అక్కడ ఆమెకు దొరికేది పడుకోను ఒక మూల, పొద్దస్తమానం చాకిరీ. ఆ సంగతి వాళ్లకూ తెలుసు.

తలుపు దగ్గర నిలబడిన చిన్నమ్మ లోపలికొచ్చి వాళ్ల మధ్యే కూర్చుంది.

"నేను యాడికి పోను. ఆయన నడిపిన సాంచెలు నాకు ఇప్పియ్యుండ్రి. గిదొక్కటే అడుగుతున్న."

"ఆడిమనిషి సాంచెలు నడుపుడేందమ్మా? నలుగురు నవ్వరా?" అన్నాడు ఒక పెద్దాయన.

"నవ్వనియ్యి మామా. నవ్వెటోళ్లు నాకు బువ్వ పెడ్తరా?"

ఆ పెద్దల్లో ఒక్కరూ ఆమె వెంట రాలేదు. తనే పోయి కార్ఖానా యజమాని సేఠ్‌ను అడిగింది. చీర కొంగు సాంచె తిప్పే బెల్టులో చిక్కితే ప్రాణం పోతుందని, ఆ కేసు తన మెడకు చుట్టుకుంటుందని అతను హిందీలో గట్టిగా చెప్పాడు. అందులో అబద్ధమేం లేదు.

మరునాడు చిన్నమ్మ గోచి పెట్టి చీర కట్టింది. కాళ్లకు అడ్డం రాకుండా, కొంగు నడుముకు బిగించి, ఊళ్లో నాట్లేసే ఆడవాళ్లు కట్టినట్టు. సూరత్ వచ్చాక పల్లెటూరివాళ్లమని నవ్వుతారని మా గల్లీలో ఆడవాళ్లంతా వదిలేసిన కట్టు అది. ఆమె మాత్రం తల ఎత్తుకుని గల్లీ మధ్యలోంచి నడిచింది. సేఠ్ ఎగాదిగా చూశాడు, వేలు పెట్టి చూపడానికి కొంగు దొరకలేదు. కొన్నాళ్లు చూద్దాం, బట్ట తక్కువొస్తే మళ్లీ కండెలకే అన్నాడు.

అసలు చిక్కు అవే సాంచెలను రాత్రి పాళీలో, అంటే రాత్రి షిఫ్టులో, నడిపే అతనితో వచ్చింది. మా కార్ఖానాలో పాళీ మారేటప్పుడు సాంచెలు ఆపరు. దిగేవాడు నడుస్తున్నవాటిని ఎక్కేవాడికి అప్పజెప్పి పోతాడు. చిన్నాయనతో ఏళ్లపాటు అట్లాగే చేసిన ఆ మనిషి, మొగుడు పోయినామె చేతికి నడిచే సాంచె ఇస్తే అరిష్టమని అన్నీ ఆపేసి, తెగిన పోగులు తెగినట్టే వదిలి, ఆమె రాకముందే వెళ్లిపోయేవాడు. ఆ పోగులు అతికి, ఒక్కొక్కటే నడిపించేసరికి సగం పొద్దు గడిచేది. బట్ట తక్కువొచ్చేది. ఇట్లాగే సాగితే ఆమెను ఊరి బస్సు ఎక్కిస్తారని నాకు గుబులుగా ఉండేది.

"నువ్వు గూడ ఆపేసి పో, తెలిసొస్తది" అన్నాను కోపంగా.

"నేను నడిచేటియే ఇచ్చి పోత. ఆయన బుద్ధి నాకెందుకు రావాలె?"

అతను ఆలస్యంగా వచ్చిన సాయంత్రాల్లో కూడా, కాళ్లు పీకుతున్నా, సాంచెలు ఆపకుండా నిలబడేది. నాకు ఆమె మీద ప్రేమ, అతని మీద కసి ఒకేసారి పొంగేవి.

ఒక సాయంత్రం అతను చిన్నమ్మ దగ్గరకొచ్చి నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

"వదినె, మా ఇంటామె నిన్ను జూసినకాంచి ఒకటే లొల్లి. తను గూడ సాంచెలు నేర్చుకుంటదట. జర నేర్పిస్తవా?"

"నేర్పిస్త. గని రెండు మాటలు. రేపటిసంది నాకు నడిచే సాంచెలు అప్పజెప్పాలె. ఇగ, ఆమెకు కావాల్నంటే ఆమెనే వచ్చి అడగాలె. నువ్వు కాదు."

అతను తన పాళీకి సాంచెల దగ్గరికి పోయాడు.

పొద్దున మేం పోయేసరికి చిన్నమ్మ వరసలో సాంచెలన్నీ నడుస్తున్నాయి. అతను వాటి దగ్గరే నిలబడి ఉన్నాడు. "సంభాలించు వదినె" అని పక్కకు జరిగాడు. చిన్నమ్మ తలూపి పనిలోకి దిగింది. నాకే ఏడుపొచ్చింది.

ఆ ఆదివారం అతని భార్య చిన్నమ్మ గదికొచ్చింది. చిన్నమ్మ బియ్యం ఏరుతూ అడిగింది.

"ఆయన పంపిండా?"

"లేదక్కా. నేనే వచ్చిన."

చిన్నమ్మ చేట పక్కన పెట్టి లేచింది. "అయితే రా, గోచి పెట్టుడు చూపిస్త."