వేసిచూద్దాం మావయ్య

మా మావయ్య ఏ ప్రశ్నకీ ఊహించి జవాబు చెప్పడు. తెలిస్తే చెబుతాడు. తెలియకపోతే వెళ్ళి, ఆ పని తనే చేసి, దెబ్బ తిని వచ్చి మరీ చెబుతాడు. "బహుశా", "అనుకుంటా", "అయ్యుండొచ్చు" లాంటి మాటలు ఆయన నోట ఒక్కసారి కూడా వినలేదు నేను. ఒళ్ళు కాలిపోతున్నా "జ్వరం ఉన్నట్టుంది" అనడు. థర్మామీటరు తీసి మన చేతిలో పెట్టి, "చదువు" అంటాడు.

ఆయనకో ఫొటో స్టూడియో ఉంది. కాలేజీ అప్లికేషన్లు మొదలయ్యాయంటే చాలు, పాస్‌పోర్టు సైజు ఫొటోల కోసం పిల్లలంతా అక్కడే. ఫొటో తియ్యడానికి అర నిమిషం, చేతికి రావడానికి పావుగంట. ఆ పావుగంటలో పిల్లల నోరు ఊరుకోదు కదా!

"అంకుల్, ఫొటోలో నవ్వొచ్చా?"

"పెదాలు మూసుకుని నవ్వొచ్చు. పళ్ళు కనపడితే తిప్పి పంపిస్తారు."

"మీకెలా తెలుసు?"

"వేసి చూశా."

"ఆకుపచ్చ సిరాతో నింపితే?"

"తిప్పి పంపుతారు. వేసి చూశా."

"ఆఖరి రోజు కౌంటరు మూసేశాక ఒక్క నిమిషం లేటయితే?"

"నాలుగు నిమిషాల దాకా తీసుకుంటారు. ఐదో నిమిషానికి తలుపు వేళ్ళ మీద పడుతుంది. ఇదిగో, ఈ వేలు."

వేసి చూడడమంటే ఏదో మాటవరసకి కాదండోయ్. నిజంగానే తన పేరుతో, తన ఫొటోతో కాలేజీకి అప్లికేషన్ వేసి చూడడం! ఏడాదికి మూడో నాలుగో. పంతొమ్మిదేళ్ళుగా! ఒక్కో అప్లికేషన్‌లో ఒక్కో తప్పు, ఏరికోరి, ముచ్చటపడి చేసిన తప్పు. మిగతా స్టూడియోల్లో గోడల మీద కొత్త పెళ్ళికూతుళ్ళు, బోర్లాపడ్డ పసిపిల్లలు ఉంటారు. మావయ్య గోడ మీద కాలేజీ తిప్పి పంపిన ఉత్తరాలు ఉంటాయి. అరవై మూడు. అన్నిటికీ ఫ్రేములు, అద్దాలు. రోజూ పొద్దున్నే మెత్తటి గుడ్డతో తుడుస్తాడు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది కిటికీ పక్కన ఉండేది. 'ఈ కోర్సులో ఎందుకు చేరాలనుకుంటున్నారు?' అన్న ప్రశ్నకి ఏం రాసినా చదువుతారా, అసలు చదవరా అని ఒకమ్మాయి అడిగిందట. మావయ్య ఇంటికెళ్ళి, "మా ఆవిడ పగలంతా ఇంట్లో ఉండనివ్వడం లేదు" అని రాసి పంపాడు. వారానికి జవాబొచ్చింది: 'మీ కారణం సమంజసంగా ఉంది. కానీ దరఖాస్తు పెన్సిలుతో నింపారు. తిప్పి పంపుతున్నాం.' ఒక్క దెబ్బకి రెండు జవాబులని మావయ్య రెండ్రోజులు ఈల వేసుకుంటూ తిరిగాడు. అత్తయ్య ఆ రెండ్రోజులూ ఆయనతో మాట్లాడలేదు.

ఆ ఉత్తరాల కింద సంతకం అన్నిట్లోనూ ఒకరిదే. అడ్మిషన్ మేడమ్‌ది. మొదట్లో 'గౌరవనీయులైన అభ్యర్థికి' అని మొదలుపెట్టేది. పదో ఏడు వచ్చేసరికి 'అయ్యా' అయింది. నేను హైస్కూల్లో ఉండగా వచ్చిన ఒక ఉత్తరంలో పైన ఏ పిలుపూ లేదు. 'మళ్ళీ మీరేనా?' అని మాత్రం ఉంది. మావయ్య దానికి బంగారు రంగు ఫ్రేము కట్టించాడు.

"మొదటి తప్పు దొరగ్గానే ఆపేస్తుందే ఆవిడ. రెండో పేజీ తిప్పదు. పద్ధతైన మనిషి," అనేవాడు గర్వంగా, ఆవిడ ఏదో మన ఇంటి ఆడపడుచైనట్టు.

మా అమ్మకి మాత్రం ఒళ్ళు మండేది. "ఎందుకన్నయ్యా ఈ గోల? ఫొటోల పిచ్చిలో పడి కాలేజీ వద్దని నువ్వే మానేశావు. ఇప్పుడీ వయసులో తలకిందులు ఫొటోలు పంపుతావేంటి?"

"తలకిందులు కాదే, అడ్డంగా. తలకిందులుది అంతకుముందు ఏడాది."

ఇలా సరదాగా నడుస్తుండగా నేను లెక్కల్లో తప్పాను.

తప్పడమంటే ఒకటో రెండో మార్కుల తేడాతో కాదు. హుందాగా, ఎవరికీ అనుమానం రాకుండా తప్పాను. రెండు నెలల్లో మళ్ళీ పరీక్ష రాసుకోవచ్చన్నారు. రాస్తాను సరే. నా భయం అది కాదు. కాలేజీ ఫారంలో ఒక చిన్న గడి ఉంటుంది: 'అర్హత పరీక్ష ఎన్నో ప్రయత్నంలో ఉత్తీర్ణులయ్యారు?' అందులో 'రెండు' అని రాస్తే ఏమవుతుంది? ఈ ఒక్క ప్రశ్నకి ఊళ్ళో ప్రతివాడి దగ్గరా జవాబుంది.

"రెండు అని చూడగానే చెత్తబుట్టలో వేస్తారు," అంది నా స్నేహితురాలు.

"ఒకటని రాసెయ్యమ్మా. మార్కుల జాబితాలో నెల చూసి కనిపెట్టేంత తీరిక ఎవడికుంది?" అన్నాడు పక్కింటి బాబాయి.

"ఏం రాయకుండా ఖాళీగా వదిలెయ్," అంది వాళ్ళావిడ. "మౌనం మంచిది."

ఇక లాభం లేదని స్టూడియోకి పరిగెత్తాను. మావయ్య విన్నాడు. గోడ చూశాడు. ఒక్కో ఫ్రేమూ చూసుకుంటూ ఆ చివరి దాకా వెళ్ళి, మళ్ళీ ఈ చివరి దాకా వచ్చాడు. అరవై మూడిట్లోనూ ఆ ప్రశ్న లేదు.

"తెలీదే," అన్నాడు.

ఆయన నోట ఆ మాట అంత చిన్న గొంతుతో రావడం అదే మొదటిసారి. నేను బిక్కమొహం వేశాను. "పోనీ ఏదో ఒకటి చెప్పు మావయ్యా. ఊహించి చెప్పు."

"చెప్పను."

"నా జీవితం మావయ్యా!"

"అందుకే చెప్పను." టోపీ తీసి తల గోక్కున్నాడు. "పరీక్ష ఫీజు కట్టడానికి ఎప్పటి దాకా టైముంది?"

"నాది కట్టేశాను."

"నాకోసం అడుగుతున్నా."

మర్నాడు మా ఇంట్లో పెద్ద పంచాయితీ. అమ్మ తల పట్టుకుంది. "నలభై తొమ్మిదేళ్ళకి నీకు లెక్కల పరీక్షేంటి అన్నయ్యా? దానికి ధైర్యం చెప్పాలంటే రెండు మంచి మాటలు చెప్పు, చాలు!"

"మాటలు చెబితే గడి నిండదు," అన్నాడు మావయ్య. అత్తయ్యేమో, "రాయనివ్వండి వదినా. పోయినేడాది ఫారం పదహారు మడతలు పెడితే ఏమవుతుందో చూస్తానని డైనింగ్ టేబుల్ అంతా ఆక్రమించాడు. పుస్తకమైతే ఒళ్ళో పెట్టుకుంటాడు," అంది.

అదిగో అలా మొదలైంది మా చదువు. స్టూడియోలో జలపాతం బొమ్మ ఉన్న తెర ముందు రెండు స్టూళ్ళు వేసుకుని ఇద్దరం లెక్కలు చేసేవాళ్ళం. మధ్యలో ఎవరైనా ఫొటోకి వస్తే మావయ్య వాళ్ళని కూర్చోబెట్టి, గడ్డం సరిచేసి, "కదలకండి" అని కెమెరా వెనక్కి వెళ్ళేవాడు. అక్కడికెళ్ళగానే ఆయనకి సగంలో వదిలిన లెక్క గుర్తొచ్చేది. ఒకసారి బ్యాంకు మేనేజరుగారు పన్నెండు నిమిషాలు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు.

"అయిందా అండీ?" అన్నారు పెదాలు కదలకుండా.

"ఇంకొక్క మెట్టుందండీ. ఎక్స్ విలువ మైనస్ వస్తోంది. అలా రావచ్చంటారా?"

"రావచ్చండీ," అన్నారాయన పాపం. ఆ ఫొటోలో ఆయన మొహం నీలంగా పడింది.

పరీక్ష రోజు మావయ్య హాల్లోకి అడుగుపెట్టగానే నలభై మంది లేచి నిలబడి "గుడ్ మార్నింగ్ సర్" అన్నారు. మావయ్య "కూర్చోండి" అని చెప్పి, నా పక్క బెంచీలో సర్దుకుని, పెన్ను మూత తీశాడు. తర్వాత వచ్చిన అసలు మాస్టారు ఈయన్ని చూసి తనే తప్పు గదికి వచ్చానేమోనని బయటికెళ్ళి నంబరు చూసుకుని వచ్చారు.

ఇద్దరం పాసయ్యాం! నాకు అరవై ఒకటి. ఆయన తన మార్కుల జాబితా మాత్రం ఎవరికీ చూపించలేదు. "పాస్" అన్నాడంతే.

అప్లికేషన్లు ఇవ్వడానికి ఇద్దరం కలిసే వెళ్ళాం. నా ఫారంలో ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది. కౌంటరు ముందు ఓ పాతిక మంది. ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు. అందరూ ఫారాన్ని గుండెకి హత్తుకుని, పక్కవాడికి కనపడకుండా పట్టుకున్నారు. మావయ్య నా ముందు నిలబడ్డాడు.

"ముందు నేను వేస్తా. నువ్వు చూడు. చూశాకే ఆ గడి నింపు."

అద్దం వెనక అడ్మిషన్ మేడమ్. ఇన్నేళ్ళు ఉత్తరాల్లో చూసిన మనిషి! ముందో మైకు. ఆవిడ గొంతు హాలంతా వినిపిస్తుంది. పేరు చదివి, కళ్ళజోడు పైకి తోసి, మావయ్యని పైనుంచి కిందికి చూసింది.

"ఓహో. మీరన్నమాట!"

"నమస్కారమండీ. చాలా సంతోషం."

"నాకు అంత లేదు." ఫారం దగ్గరికి లాక్కుంది. ఫొటో చూసింది, గోటితో గీకి చూసింది. సంతకం చూసింది. కాగితాన్ని వెలుతురుకి పట్టుకుని చూసింది. ఆవిడ మొహంలో కంగారు. "ఇందులో తప్పేది?"

"లేదండీ."

"లేకపోవడమేంటి? నాకు భయంగా ఉంది. ఎక్కడ పెట్టారో చెప్పండి."

"నిజంగా లేదండీ. రెండో పేజీ తిప్పండి."

తిప్పింది. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి. మైకులో చదివింది. "రెండో ప్రయత్నం... మొదటి ప్రయత్నం జరిగిన సంవత్సరం..." ఆగింది. "ఏమండీ, ఈ అంకె సరిగ్గానే వేశారా? అప్పటికి నేనింకా హైస్కూల్లోనే ఉన్నాను."

"సరిగ్గానే వేశానండీ. ముప్పై ఒక్క ఏళ్ళయింది. లెక్కల్లో పద్దెనిమిది వచ్చాయి."

నా నోరు తెరుచుకుంది. ఫొటోల పిచ్చి, కాలేజీ వద్దనుకోవడం, మా ఇంట్లో అందరం నమ్మిన కథ!

"మరి ఇన్నేళ్ళూ పాసవకుండానే అప్లికేషన్లు వేశారా?"

"మీరు మొదటి పేజీ దాటనిస్తే కదండీ."

"మీరు దాటనిస్తే కదా!" అంది మేడమ్.

మావయ్య నవ్వాడు, పళ్ళు కనపడేలా. "అప్పట్లోనే ఇక్కడికొచ్చి అడుగుదామని బయల్దేరానండీ, మళ్ళీ రాసి పాసైతే తీసుకుంటారా అని. బస్సులో పక్కసీటాయన, తీసుకోరయ్యా, దండగ అన్నాడు. దిగి వెనక్కెళ్ళిపోయాను."

"ఎవరాయన?"

"తెలీదండీ. ఆయనకీ తెలీదు. ఊహించి చెప్పాడు." కౌంటరు మీదికి వంగాడు. "ఇప్పుడు చెప్పండి. తీసుకుంటారా?"

మేడమ్ ముద్ర తీసుకుంది. ధన్మని కొట్టింది. "తర్వాతి వాళ్ళు!"

"అంతేనా అండీ?"

"ఇంకేం కావాలి? ఎన్నోసారి పాసయ్యారని మా లెక్కల కోసం అడుగుతాం. పాసయ్యారుగా?"

ఆ తర్వాత ఇద్దరికీ సీట్లొచ్చాయి, నాకు పగటి క్లాసులు, ఆయనకి సాయంత్రం క్లాసులు. అమ్మ ఆయన్ని పట్టుకుని ఒక పూట ఏడ్చి ఒక వారం తిట్టింది. అదంతా వేరే కథ. ఆ రోజు మాత్రం నేను ముందుకెళ్ళి, కౌంటరు మీదే, అందరూ చూస్తుండగా, ఆ గడిలో 'రెండు' అని ఇంత లావు అక్షరాలతో రాశాను. ధన్!

వెనక్కి తిరిగితే లైన్లో ఎవరి కళ్ళూ నా మీద లేవు. పాతిక మందిలో ఒకడు గోడకి ఫారం ఆనించి 'ఒకటి' కొట్టేస్తున్నాడు. వాడి వెనకమ్మాయి వాడి వీపు మీద పెట్టుకుని కొట్టేస్తోంది. ఆ వెనక ముగ్గురు ఒకే పెన్ను కోసం పీక్కుంటున్నారు. "నువ్వూనా?" "నువ్వూనా?" "మూడని రాయొచ్చా?" అని హాలంతా గోల. రెండో విడత అడ్మిషన్లు కదా మరి, అందరూ మాలాంటి వాళ్ళే!

"కొట్టివేతలున్న చోట పక్కన చిన్న సంతకం పెట్టండి!" అని అరిచింది మేడమ్ మైకులో.

మావయ్య గుమ్మం దాకా వెళ్ళినవాడల్లా ఆగాడు.

"పెట్టకపోతే ఏమవుతుందండీ?"

"మీరు బయటికి నడవండి!"