అరిజోనాలో వన్స్ మోర్

ఈ ప్రయాణానికి మూలకారణం మా ఆవిడ పురుడు. పురుటికీ, గుర్రాలెక్కి తుపాకులు పేల్చే సినిమాలకీ ఏమిటి సంబంధం అంటారా, కాస్త ఓపిక పట్టండి. నాకు అది అర్థం కావడానికి రెండు విమానాలూ ఒక బస్సూ పట్టాయి.

1984 ఫిబ్రవరి. జెర్సీ సిటీలో మా అపార్ట్‌మెంట్. సుజాతకి మే నెలలో డెలివరీ. సాయానికని డిసెంబర్‌లోనే గుంటూరు నుంచి అత్తగారు వచ్చారు. ఒక్కరినీ వదిలేస్తే కాఫీ కూడా కలుపుకోలేరు కాబట్టి మావగారు పానకాలరావుగారూ వచ్చారు. ఆయన కిటికీలోంచి మంచుని చూశారు. ఒకరోజు కిందికి దిగి మంచులోంచి కిటికీని చూశారు. ఇంక అమెరికా అయిపోయిందన్నారు. జూలైలో ఉన్న తిరుగు టికెట్‌ని మార్చిలోకి మార్చమన్నారు. ఆయన వెళితే అత్తగారూ వెళ్ళాల్సిందే. అందులో ఆవిడకి రెండో మాట లేదు.

మావగారు రెవెన్యూ ఆఫీసులో జీతం తీసుకుంటూ పౌరాణిక నాటకాల్లో జీవితం గడిపిన మనిషి. ఆయనది ఎప్పుడూ ఒకటే వేషం: మీసం మెలేసి యుద్ధానికి బయల్దేరి, శత్రుసేన కనబడగానే రథం దూకి పారిపోయే రాజకుమారుడు. గుంటూరు, తెనాలి, రేపల్లె, ఆయన పారిపోని ఊరు లేదు. అటువంటి మనిషి మా సోఫాలో, ఉన్నిటోపీ పెట్టుకుని, ఎవరూ ఏమీ అడగకుండా, రోజంతా కూచునేవారు.

ఒక శనివారం మధ్యాహ్నం టీవీలో పాత కౌబాయ్ కామెడీ ఒకటి వేశారు. పట్నం నుంచి కొత్త సూటులో దిగిన పిరికి పెద్దమనిషి మొదటి అడుగే బురదలో వేశాడు. మావగారు నవ్వారు. పొలమారేదాకా నవ్వారు. ఏమైందోనని అత్తగారు గరిటెతో సహా పరుగెత్తుకొచ్చారు.

"నాన్న నవ్వారండీ," అంది సుజాత నన్ను వంటగదిలోకి లాక్కెళ్ళి. "ఇక్కడికి వచ్చాక ఇదే మొదలు."

"పోనీ, వచ్చే శనివారం కూడా టీవీ ఆన్ చేద్దాం."

"టీవీ కాదు. ఆ సినిమాలు తీసిన ఊళ్ళు ఉంటాయిగా, ఒకదానికి తీసుకెళ్ళండి. మనసు మార్చుకుంటారేమో."

"అవి అరిజోనాలో ఉంటాయి సుజాతా."

"ఉండనివ్వండి. అమ్మ వెళ్ళిపోతే నా పురుడు మీరు పోస్తారా?"

సాయంత్రానికల్లా టికెట్లు బుక్ చేశాను.

మావగారు ఒప్పుకున్నారు గాని ఒక షరతు పెట్టారు. "వస్తానండీ అల్లుడుగారూ. సోమవారం పొద్దున మాత్రం ట్రావెల్ ఏజెంట్ దగ్గరికి పోదాం. మార్చిలో మంచి తిథి చూసి పెట్టుకున్నా." అని తిరుగు టికెట్‌ని కవరుతో సహా కోటు లోపలి జేబులో పెట్టుకుని, జేబుకి పిన్నీసు పెట్టారు. ఇంట్లో వదిలితే నేను దాచేస్తానని ఆయన అనుమానం. అనుమానం అన్యాయమైనదేమీ కాదు.

శుక్రవారం పొద్దున ఏడింటికి మా పక్క ఊరు నూవర్క్‌లో విమానం ఎక్కాం. శనివారం రాత్రి అక్కడే ఉంటే టికెట్ చవక అన్న రూల్ పుణ్యమా అని ఆదివారం దాకా మా ఇద్దరికీ ఒకరినొకరు భరించక తప్పదు. షికాగోలో విమానం మారాం. అత్తగారు కట్టిచ్చిన పులిహోర గేటు దగ్గర విప్పాం. పక్క కుర్చీలోని పెద్దావిడ ఆ పసుపు రంగు ఏమిటని అడిగింది. "పసుపే," అన్నాను. అంతకన్నా నిజం ఇంగ్లీషులో చెప్పడం నాకు చేతకాలేదు.

మధ్యాహ్నానికి అరిజోనాలోని టూసాన్‌లో దిగాం. విమానాశ్రయానికి దగ్గర్లో మోటెల్, రెండు మంచాలు, ముప్ఫై డాలర్ల లోపు. మావగారు బయట ఎండలో నిలబడి మొదటిసారి టోపీ తీశారు. "గుంటూరులో కార్తీకం ఎండలాగుంది," అన్నారు. మెచ్చుకోలో ఫిర్యాదో తెలియలేదు.

శనివారం పొద్దున పదింటికి టూరిస్టు బస్సు. దారి పొడుగునా ఎడారి. నిలువెత్తు జెముడు చెట్లన్నీ ఎవరో తుపాకి చూపించినట్టు చేతులు పైకెత్తి నిలబడి ఉన్నాయి. మావగారి పంచె చూసి డ్రైవరు, "ఇండియన్సా?" అన్నాడు. "కొలంబస్ వెతికిన ఇండియన్స్. దొరికినవాళ్ళు వేరు," అన్నాను. ఈ జోకు నేను అమెరికా అంతటా వాడుతున్నాను. డ్రైవరు మొహం చూస్తే అది అరిజోనాకి నాకన్నా ముందే చేరిందని తెలిసింది.

"అసలు ఇంగ్లీషు రాకుండా ఈ సినిమాలు ఎట్లా చూసేవారండీ?" అని అడిగాను, ఆయన్ని మాట్లాడిద్దామని.

"ఇంగ్లీషెందుకు? రాత్రంతా నాటకం ఆడి, చెవుల వెనక రంగు కూడా పోకుండా ఆదివారం పొద్దుటాటకి పోయేవాళ్ళం. ఫ్యాన్లుండేయి, నిద్రపోదామని. నిద్ర ఎక్కడ పట్టనిచ్చారు? కథ ముందే తెలుసు. పిరికోడు ఊళ్ళోకొస్తాడు, ఊరంతా వాణ్ణి వీరుడనుకుంటది, చివరికి వాడు ఎట్లానో గెలుస్తాడు. మన నాటకమే. గద బదులు తుపాకి." అంతటితో ఆగక, "ఒక పడటం వాళ్ళ దగ్గర కొట్టేశా కూడా," అన్నారు. ఏ పడటమని అడిగితే కిటికీలోంచి చెట్లు చూశారు.

పదకొండింటికి ఊరు వచ్చింది. ఊరంటే ఒక వీధి. కొయ్య మేడలు, కొయ్య బ్యాంకు, రెక్క తలుపుల సారాకొట్టు, మధ్యలో గుర్రాలకి నీళ్ళతొట్టి. తలుపులు తీస్తే వెనక గోడల్లేవు, నేరుగా ఎడారే. ముందుభాగం తప్ప ఇంకేమీ లేని ఊరిని చూసి నాకు మా ఆఫీసు గుర్తొచ్చింది. వెళ్ళదలచినవారికి ఒక సలహా: పన్నెండు గంటల ఆట చూడండి. పొద్దుటి ఆటలో సూర్యుడు కంట్లో పొడుస్తాడు.

వీధికి అటూ ఇటూ బెంచీలు. ఓ నలభైమంది జనం. కథ పాతదే. మంగలివాణ్ణి పొరపాటున షెరీఫ్‌ని చేశారు. హోటల్ కప్పు మీదికి బందిపోటు ఎక్కాడు. అరవై దాటిన మనిషి, తెల్లమీసం, కాస్త కుంటి. మంగలి కళ్ళు మూసుకుని తుపాకి పేల్చాడు. గుండు గంటకి తగిలి, గంట బకెట్టుకి తగిలి, బకెట్టు బందిపోటుకి తగిలింది. అతను కప్పు అంచున ఒక కాలి మీద నిలబడి, పడాలా వద్దా అన్నట్టు ఆలోచించి, మర్యాదగా టోపీ తీసి, వెనక్కి ఎండుగడ్డి బండిలో పడ్డాడు. అక్కణ్ణించి దొర్లి నేలమీద చచ్చాడు. జనం చప్పట్లు కొట్టి ఐస్‌క్రీం బండి వైపు నడిచారు.

మావగారు బెంచీ ఎక్కారు.

"వన్స్ మోర్!"

ఆ గొంతు మైకులు లేని రోజుల్లో తయారైంది. ఐస్‌క్రీం దగ్గరున్న వాళ్ళు కూడా వెనక్కి తిరిగారు. మన నాటకాలు చూసినవారికి చెప్పనక్కర్లేదు. పద్యం నచ్చితే వన్స్ మోర్ అంటాం. పాత్ర చచ్చిపోయి ఉన్నా సరే, లేచి, దుమ్ము దులుపుకుని, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చావాలి. ఆ సంగతి అరిజోనాకి ఎవరూ చెప్పలేదు. మైకులో ఒకమ్మాయి, తర్వాతి ఆట రెండింటికి అని చెప్పింది. మావగారు మళ్ళీ అరిచారు. నేను ఆయన ఉన్నిటోపీని నా మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

శవం ఒక కన్ను తెరిచింది. తర్వాత లేచి, కుంటుకుంటూ మా బెంచీ దగ్గరికి వచ్చింది. మనిషి మొహం ఎర్రబడి ఉంది.

"ఏం తప్పు చేశాను?" అని అడిగాడు.

మావగారికి తెలుగులో చెప్పాను. ఆయన నిర్ఘాంతపోయారు. "తప్పా? ఎవరన్నారు తప్పని?"

ఇద్దరి మధ్యా నిలబడి నేను చెప్పగలిగినంత చెప్పాను: మా దేశంలో బాగా చేస్తేనే మళ్ళీ చెయ్యమంటారని, ఈయన కూడా స్టేజీ మనిషేనని. ఆ మనిషి చాలాసేపు టోపీ దులిపాడు. తన పేరు బడ్ అన్నాడు.

"ముప్ఫై ఏళ్ళు సినిమాల్లో పడ్డాను," అన్నాడు. "మళ్ళీ చెయ్యి అన్నారంటే చెడగొట్టానని అర్థం. బాగా పడితే, సరే, తర్వాతది అంటారు. అంతే."

అది విని మావగారు, "పాపం. బాగా చేసిన పని ఒక్కసారే చెయ్యనిస్తారన్నమాట," అన్నారు. నేను అనువదించాను. బడ్ నిచ్చెన వైపు నడిచాడు. మైకు అమ్మాయి వాచీ చూపించింది. అతను చూడలేదు.

ఈసారి కప్పు మీద ఇంకా ఎక్కువసేపు ఆలోచించాడు. టోపీ తీసి, మా బెంచీ వైపు ఊపి, పడుతూ పడుతూ మళ్ళీ పెట్టుకున్నాడు. ఐస్‌క్రీం జనం పరుగెత్తుకొచ్చి రెండో చావుకి మొదటిదాని కంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. మన భాషలో పడకుండా ఏ పనీ జరగదు. కష్టపడాలి, ఇష్టపడాలి, చివరికి నిలబడాలన్నా పడాలి. అది తెలిసిన మనిషిని మొదటిసారి అరిజోనాలో చూశాను.

కిందికొచ్చాక బడ్ మావగారిని చూపించి నాతో, "ఆయనది కూడా చూపించమను," అన్నాడు.

వద్దని చెప్పే అవకాశం నాకు రాలేదు. కోటు నా చేతిలో పడింది. పంచె గోచీ పెట్టుకున్నారు. నా కళ్ళముందు సుజాత మొహం, ఆవిడ వెనక గరిటెతో అత్తగారు. మావగారు వీధి మధ్యకి వెళ్ళి మీసం మెలేశారు. లేని రథం ఎక్కారు. దూరంగా ఎడారిలో చేతులెత్తిన ఆ చెట్లనే శత్రుసేనగా చూసి, నెమ్మదిగా మీసం మీంచి చెయ్యి తీసేశారు. అక్కడే నవ్వు మొదలైంది. రథం దూకి, పారిపోతూ, శత్రువులకి దణ్ణాలు పెడుతూ వెనక్కి నడిచి నడిచి, నీళ్ళతొట్టి అంచుకి తగిలి, ఒక కాలి మీద నిలబడి, పడాలా వద్దా అని ఆలోచించి, మర్యాదగా లేని కిరీటం తీసి, పడ్డారు. తొట్టిలో నీళ్ళు లేకపోవడం మా అదృష్టం.

బడ్ నవ్వడం మానేశాడు. "ఆ పడటం మాది," అన్నాడు.

"మీదే," అన్నారు మావగారు తొట్టిలోంచి, నా అనువాదం కోసం ఆగకుండా. "గుంటూరు. సండే మార్నింగ్ షో."

బడ్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, వీధంతా వినబడేట్టు, "వన్స్ మోర్!" అన్నాడు.

రెండోసారి నేను కళ్ళు మూసుకున్నాను. చప్పట్లు వినబడ్డాక తెరిచాను. మావగారు లేచే ఉన్నారు. ఒక మోచెయ్యి గీరుకుపోయింది. మొహం చూస్తే ఆ మోచెయ్యి ఇంకెవరిదో అనిపించింది.

బస్సు బయల్దేరేముందు బడ్ వచ్చి ఆటోగ్రాఫ్ అడిగాడు. మావగారు కోటు జేబు పిన్నీసు తీసి, టికెట్ కవరు బయటికి లాగి, దాని మీద తెలుగులో పూర్తి పేరు, వేషం, ఊరు రాసి సంతకం పెట్టి, మొత్తం అతని చేతిలో పెట్టారు.

"మావయ్యగారూ, అందులో టికెట్ ఉంది."

"తెలుసండీ. అంత ఎత్తునుంచి రెండుసార్లు పడ్డ మనిషికి మోటెల్ రసీదు మీద సంతకం పెట్టి ఇవ్వమంటారా?"

పరుగెత్తి తెచ్చుకోవచ్చు. నేను పరుగెత్తలేదు. బస్సు కదిలాక చాలాసేపటికి ఆయన అడిగారు.

"డూప్లికేట్‌కి ఎన్నాళ్ళు పడుతుందంటారు?"

"మూడు నెలలన్నా పట్టొచ్చు," అన్నాను. నిజానికి నాకేమీ తెలియదు.

"అయితే మే దాటుతుంది."

"దాటుతుంది."

"సరే," అని, మోచేతి మీద ఊదుకుంటూ కూచున్నారు.

ఆదివారం మధ్యాహ్నం తిరుగు విమానం. ఆయన కిటికీ పక్కన. ఆ కామెడీలు ఇన్నేళ్ళయినా ఎందుకు పాతబడవని నేను దారి పొడుగునా ఆలోచించాను. ప్రపంచంలో పిరికివాళ్ళమే ఎక్కువమందిమి కాబట్టి అన్నంతవరకూ వచ్చాను. ఆ మాటే మావగారితో అంటే, "మీరు రెండోసారి కళ్ళు మూసుకున్నారు. చూశా," అన్నారు.

నూవర్క్‌లో దిగేటప్పుడు గాలి ఎక్కువగా ఉంది. విమానం నేలకి తగిలి, ఒకసారి ఎగిరి, కాసేపు ఆలోచించి, మళ్ళీ తగిలింది. బతికినందుకు వెనక వరసల్లో చప్పట్లు కొట్టారు. పక్కకి చూద్దును కదా, మావగారు రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని లేవబోతున్నారు. నడుముకి బెల్టు ఉంది కాబట్టి సరిపోయింది.